ఎత్తు మీద పుట్టిన ఊళ్ళు ఏటి ఒడ్డుకి ఎందుకు దిగాయి? ఖమ్మం, భద్రాచలం చెప్తున్న పాఠం

ముందుగా మూడు అంకెలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. 43, 48, 53. భద్రాచలంలో పెరిగిన పిల్లలకి ఎక్కాలతో పాటు ఇవి కూడా వచ్చేస్తాయి. గోదావరి 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఖమ్మం వాళ్ళ లెక్క వేరే. మున్నేరు 16 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 24కి రెండోది.

ఇప్పుడు ఇంకో రెండు అంకెలు. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మం దగ్గర మున్నేరు 36 అడుగులు. అంటే ఖమ్మంలో రెండో హెచ్చరిక దాటాక ఇంకో పన్నెండు అడుగులు వచ్చింది. ఒక అంతస్తు ఎత్తు ఎంతో మీకు తెలుసు, పది అడుగులు. మిగతాది మీరే ఊహించుకోండి.

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది ఇదే. వాతావరణం మారుతోంది, అది అందరూ చెప్తున్నారు. మరి మన ఇళ్ళు, మన వీధులు, మన కాలనీలు దానికి తగ్గట్టు మారుతున్నాయా? ఈ ప్రశ్నకి జవాబు ఫ్యూచర్‌లో కాదు, హిస్టరీలో ఉందని నాకనిపిస్తోంది. నేను చదివింది బీటెక్ కంప్యూటర్సే గానీ సివిల్ కాదు. కొన్నేళ్ళు కోడ్ రాశాను. ఆ పనిలో నేర్చుకున్న విషయం ఒకటుంది. పాత సిస్టమ్‌ని తీసేసే ముందు, అది అలా ఎందుకు కట్టారో తెలుసుకోవాలి. ఊళ్ళ విషయంలో కూడా అంతే.

పేర్లలోనే ఉంది

ఒకసారి పేర్లు చూడండి. భద్రాచలం. భద్ర, అచలం. అచలం అంటే కదలనిది, కొండ. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, మనం భక్త రామదాసు అని పిలుచుకునే ఆయన, గుడి కట్టించింది గోదావరి ఒడ్డునే. కానీ ఒడ్డున అంటే ఇసుకలో కాదు, గుట్ట మీద. నది పక్కనే ఉంటుంది, స్నానానికి దిగొచ్చు. కానీ దేవుడు మాత్రం పైన ఉంటాడు. గోదావరి ఎంత పొంగినా మెట్ల దగ్గరే ఆగాలి.

ఇప్పుడు ఖమ్మం. పాత రికార్డుల్లో ఈ ఊరి పేరు ఖమ్మం మెట్టు. మెట్టు అంటే మెరక, ఎత్తయిన చోటు. స్తంభాద్రి నరసింహస్వామి గుడి గుట్ట మీద ఉంది. ఖిల్లా గుట్ట మీద ఉంది. పాత బజార్లు ఆ గుట్టని ఆనుకునే ఉన్నాయి. మున్నేరు కనిపించేంత దూరంలో ఉంది, కానీ ఇంట్లోకి వచ్చేంత దగ్గర్లో లేదు.

గమనించారా? రెండు ఊళ్ళు, రెండు వేరు వేరు నదులు. మున్నేరు వెళ్ళి కృష్ణలో కలుస్తుంది, భద్రాచలం గోదావరి మీద ఉంది. కానీ రెండు ఊళ్ళ పేర్లలోనూ ఎత్తు అనే మాటే ఉంది. అప్పటి వాళ్ళకి శాటిలైట్ మ్యాప్ లేదు, వాతావరణ శాఖ లేదు. వాళ్ళ దగ్గరున్నది అనుభవం. తాత చూసిన వరద, ముత్తాత చెప్పిన వరద. ఆ డేటాతోనే చోటు ఎంచుకున్నారు.

అడవి లోపలికి వెళ్తే ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. కోయవాళ్ళ పాత ఇళ్ళు చూడండి. కర్రల నిట్రాళ్ళు, వెదురు తడికలకి మెత్తిన మట్టి గోడలు, పైన గడ్డి లేదా తాటాకు కప్పు. చూరు బాగా కిందికి దిగి ఉంటుంది, వంగి లోపలికి వెళ్ళాలి. మనకి అది ఇబ్బందిగా అనిపిస్తుంది. కానీ ఆ చూరే మట్టి గోడ మీద వాన పడకుండా, ఎండ పడకుండా కాపాడుతుంది. గడ్డి కప్పులో బోలెడంత గాలి ఇరుక్కుని ఉంటుంది. ఆ గాలి వేడిని లోపలికి రానివ్వదు. మైదానానికి వస్తే పెంకుటిళ్ళు. పెంకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది. ఇంటి ముందు వసారా, అరుగు. మా తాతయ్య వాళ్ళ పెంకుటింట్లో మే నెల మధ్యాహ్నం కూడా నేల మీద చాప వేసుకుని పడుకునేవాళ్ళం. ఫ్యాన్ ఉండేది, కానీ ఆ ఇల్లు ఫ్యాన్‌ని నమ్ముకుని కట్టింది కాదు.

అలా అని పాతవన్నీ గొప్పవి అని చెప్పడం నా ఉద్దేశం కాదు. గడ్డి ఇల్లు ఒక్క నిప్పురవ్వకి కాలిపోతుంది. మట్టి గోడ రెండు రోజులు నీళ్ళలో నానితే కూలిపోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

కిందికి ఎప్పుడు దిగాం?

1889 నాటికి సికింద్రాబాద్ నుంచి బెజవాడకి రైలు మార్గం పూర్తయింది. ఆ లైన్ ఖమ్మం మీదుగా వెళ్తుంది. 1953 అక్టోబర్ 1న వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లా చేశారు. ఆ తర్వాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళొచ్చాయి. మిర్చి మార్కెట్ పెరిగింది, గ్రానైట్ వ్యాపారం పెరిగింది, కాలేజీలొచ్చాయి. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా పని కోసం, చదువు కోసం ఖమ్మం వచ్చారు. 2012లో ఖమ్మం కార్పొరేషన్ అయింది.

వచ్చినవాళ్ళు ఎక్కడ ఉండాలి? మెరక మీద స్థలాలు ఎప్పుడో అయిపోయాయి. మిగిలినవాటికి రేటు ఎక్కువ. కూలి చేసుకునేవాళ్ళకి, ఆటో నడుపుకునేవాళ్ళకి అందే చోటు ఏది? ఏటి ఒడ్డు. బొక్కలగడ్డ లాంటి బస్తీలు అలా నిండాయి. ఎవరూ వరద అంటే ఇష్టపడి అక్కడ ఇల్లు కట్టుకోలేదు. వరదొచ్చే చోటు కాబట్టే అది చవక. ఈ లెక్క అర్థం చేసుకోకపోతే, 'అక్కడెందుకు కట్టుకున్నారు?' అని చాలా తేలిగ్గా అనేస్తాం.

భద్రాచలం కథ ఇంకా చిక్కు. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని బ్రిటిష్ వాళ్ళకి ఇచ్చాడు. 1874లో గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో ఖమ్మం జిల్లాకి తెచ్చారు. 1965లో గోదావరి మీద బ్రిడ్జి వచ్చింది, అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించారు. బ్రిడ్జి వచ్చాక యాత్రికులు పెరిగారు, లాడ్జీలు పెరిగాయి, ఊరు గుట్ట దిగి నాలుగు వైపులా పాకింది.

తర్వాత 2014. పోలవరం ముంపు మండలాలని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం టౌన్ తెలంగాణలో ఉండిపోయింది. కానీ దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, కన్నాయిగూడెం, పురుషోత్తపట్నం, గుండాల, పిచుకలపాడు అవతలి రాష్ట్రానికి వెళ్ళిపోయాయి. రాములవారి భూములు సుమారు 889 ఎకరాలు పురుషోత్తపట్నంలో ఉన్నాయి, అంటే గుడి ఒక రాష్ట్రంలో, గుడి మాన్యం ఇంకో రాష్ట్రంలో. ఇప్పుడు మ్యాప్ చూడండి. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క రాష్ట్ర సరిహద్దు. మధ్యలో టౌన్ ఇరుక్కుపోయింది. చెత్త వేయడానికి కూడా చోటు కోసం వెతుక్కునే పరిస్థితి. పైగా ఇది ఏజెన్సీ ప్రాంతం, 1/70 చట్టం ఉంది. గిరిజనేతరుల పేరు మీదకి భూమి మారడానికి వీల్లేదు. అది గిరిజనుల భూమిని కాపాడే చట్టం, దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ ఊరు పక్కలకి పెరగడానికి దారి లేదు. అప్పుడు ఏమవుతుంది? పైకి పెరుగుతుంది. 2025 మార్చిలో భద్రాచలంలో కడుతున్న బహుళ అంతస్తుల బిల్డింగ్ ఒకటి కూలి ఇద్దరు కార్మికులు చనిపోయారు. అది వరద వల్ల జరిగింది కాదు. కానీ చోటు లేని ఊరు ఎలా కట్టుకుంటుందో అది చెప్తుంది.

గోడ కడితే సరిపోతుందా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1986 వరదలో 27 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వచ్చాయి. ఊరు మునిగింది. 1990లో మళ్ళీ 70.8 అడుగులు. ఇలా కాదని నది పక్కన కరకట్ట కట్టారు, 2000ల మొదట్లో అది వచ్చింది. 2006లో 66.9 అడుగులు. 2022 జూలై 16న 71.3 అడుగులు, 24 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం. బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేశారు. ఆ రోజు టౌన్‌లో ఎక్కువ భాగం నిలబడిందంటే కరకట్ట వల్లే. ఆ క్రెడిట్ దానికి ఇవ్వాల్సిందే.

కానీ ఇంకో సంగతి ఉంది. కరకట్ట నదిని బయట ఆపుతుంది. మరి ఊళ్ళో పడిన వాన ఎక్కడికి పోవాలి? మామూలు రోజుల్లో కట్ట కింద ఉన్న స్లూయిస్‌ల గుండా గోదావరిలోకి పోతుంది. గోదావరి పెరిగితే ఆ గేట్లు మూసేయాలి, లేకపోతే నది లోపలికి వచ్చేస్తుంది. గేట్లు మూస్తే ఊళ్ళో వాన బయటికి పోదు. ఇక మోటార్లు పెట్టి తోడి పోయాలి. మోటార్ చాలకపోయినా, గేటు సరిగ్గా మూసుకోకపోయినా నీళ్ళు నిలబడిపోతాయి. రామాలయం చుట్టూ, విస్తా కాంప్లెక్స్ దగ్గర, అన్నదాన సత్రం దగ్గర నడుం లోతు నీళ్ళ ఫోటోలు మీరు చూసే ఉంటారు. అవి చాలాసార్లు కట్ట దాటి వచ్చిన గోదావరి నీళ్ళు కావు, లోపల చిక్కుకుపోయిన నీళ్ళు. లోతట్టున ఉన్న సుభాష్‌నగర్, అయ్యప్ప కాలనీ, కొత్త కాలనీ వాళ్ళు ప్రతి పెద్ద వరదకీ సామాన్లు సర్దుకోవాల్సిందే. 2022 వరద తర్వాత అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చి, ఎత్తయిన చోట కాలనీలు, శాశ్వత పరిష్కారం కోసం 1000 కోట్లు ప్రకటించారు. ఎత్తయిన చోటు అన్న మాట గమనించండి. మూడొందల ఏళ్ళ తర్వాత తిరిగి తిరిగి మళ్ళీ ఆ మాట దగ్గరికే వచ్చాం.

ఇక ఖమ్మం. 2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1 తెల్లవారుజాము. తిరుమలాయపాలెం మండలం కాకరవాయిలో ఒక్క రోజులో 52 సెంటీమీటర్ల వాన పడింది. ఏడాదంతా పడేదాంట్లో సగానికి దగ్గర. పైన మహబూబాబాద్ జిల్లాలో కూడా అదే వాన. ఆకేరు, మున్నేరు రెండూ పొంగి, తీర్థాల దగ్గర కలిసి, ఖమ్మం మీదకి వచ్చాయి. రాజీవ్ గృహకల్ప, వెంకటేశ్వరనగర్, మోతీనగర్, బొక్కలగడ్డ అన్నీ నీళ్ళలో. ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది రోజంతా చిక్కుకుపోయారు. చివరికి రాత్రిపూట ఒక జేసీబీ డ్రైవర్ ధైర్యం చేసి వెళ్ళి వాళ్ళని తీసుకొచ్చాడు.

అంతకు ముందు ఏడాది, 2023 జూలైలో, మున్నేరు 30 అడుగులు దాటింది. అదే పెద్ద రికార్డు అనుకున్నారు. సరిగ్గా ఆ వారంలోనే పక్కనున్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా పడింది. ఎందుకిలా? సైన్స్ సింపుల్. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అంటే మేఘం దగ్గర సరుకు ఎక్కువ ఉంటుంది. వాన పడే రోజులు పెరగకపోయినా, పడిన రోజున కుండపోతే.

సాఫ్ట్‌వేర్‌లో ఎడ్జ్ కేస్ అంటాం. ఎప్పుడో లక్షలో ఒకసారి వచ్చే పరిస్థితి. మామూలుగా దాన్ని పట్టించుకోరు. కానీ ఆ ఎడ్జ్ కేస్ ఏడాది తిరగగానే మళ్ళీ వచ్చిందంటే, దాన్ని ఇక ఎడ్జ్ కేస్ అనకూడదు.

ఖమ్మంలో మున్నేరుకి రెండు వైపులా 690 కోట్లతో రిటైనింగ్ వాల్‌కి 2023లోనే అనుమతి ఇచ్చి, శంకుస్థాపన చేశారు. గోడ వద్దు అనడం లేదు నేను. బొక్కలగడ్డ వాళ్ళకి అది కావాలి. కానీ భద్రాచలం ఇరవై ఏళ్ళుగా నేర్పిన పాఠాన్ని ఖమ్మం ఇప్పుడే చదువుకోవాలి. గోడ కడితే లోపలి వాన ఎటు పోతుంది? స్లూయిస్‌లు ఎన్ని? మోటార్లు ఎన్ని, కరెంటు పోతే వాటిని నడిపేది ఏంటి? రెండు గోడల మధ్య ఇరుకైన నది కింద ఊళ్ళ మీద ఎంత ఎత్తున పడుతుంది? ఇంకొకటి. గోడ వచ్చింది కదా అని దాని పక్కన ప్లాట్లు వేసి అమ్మితే, తర్వాతి వరదకి నష్టం ఇంకా పెరుగుతుంది.

నెదర్లాండ్స్ వాళ్ళు వందల ఏళ్ళు కరకట్టలు కట్టినవాళ్ళు. 1993, 1995లో వరదలొచ్చి, రెండోసారి రెండు లక్షల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. అప్పుడు వాళ్ళు 'నదికి చోటు' అనే ప్రోగ్రాం మొదలుపెట్టారు. ముప్పైకి పైగా చోట్ల కట్టల్ని వెనక్కి జరిపారు, నది పక్క భూముల్ని పొంగే నీళ్ళకి వదిలేశారు. నైమేఖెన్ అనే ఊళ్ళో అందుకోసం కొన్ని ఇళ్ళు తీసేసి, వాళ్ళకి పరిహారం ఇచ్చి వేరే చోట ఏర్పాటు చేశారు. వాళ్ళ దగ్గర డబ్బుంది కాబట్టి చేశారు అనొచ్చు. నిజమే. కానీ నది పక్క ఖాళీని ఖాళీగా ఉంచడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు. మన దగ్గర రూల్ కూడా ఉంది. 2012 నాటి జీవో 168. మున్సిపల్ హద్దు లోపల నది అంచు నుంచి 50 మీటర్లు, బయటైతే 100 మీటర్లు ఏమీ కట్టకూడదు. పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు. రూల్ పేపర్ మీద ఉంది. నేల మీద ఎంతుందో మీ ఊళ్ళో మీరే చూడండి.

స్లాబ్: వరదలో ప్రాణం, ఎండలో పొయ్యి

ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, మట్టి గోడ నీళ్ళలో నానితే కూలిపోతుందని. అక్కడికి వద్దాం.

2024లో ఖమ్మంలో జనం ప్రాణాలు దక్కించుకున్నది ఎక్కడ? డాబా మీద. సిమెంట్ స్లాబ్ మీదకి ఎక్కి, పిల్లల్ని ఎత్తుకుని, పైనే ఉండిపోయారు. గుడిసెలో ఉంటే ఆ అవకాశం లేదు. అందుకే పేదవాడికి స్లాబ్ ఇల్లు అంటే అంత ఆశ. మన దగ్గర పెళ్ళి సంబంధం చూసేటప్పుడు కూడా 'డాబా ఉందా?' అని అడుగుతారు. అది షోకు కాదు, భద్రత.

ఇప్పుడు అదే స్లాబ్ మే నెలలో ఏం చేస్తుంది? నాలుగైదు అంగుళాల కాంక్రీట్ పొద్దున్నుంచి ఎండ తాగుతుంది. సాయంత్రం మనం హమ్మయ్య అనుకునే టైమ్‌కి, అది తాగిన వేడి అంతా లోపలికి వదలడం మొదలుపెడుతుంది. రాత్రి పదకొండింటికి కూడా గోడ ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఫ్యాన్ వేస్తే పై వేడి గాలినే కిందికి తోస్తుంది. భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. దానికి గోదావరి ఉక్కపోత తోడు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా వడదెబ్బకి చనిపోయారు. వరద టీవీలో కనిపిస్తుంది. ఎండకి పోయే ప్రాణం కనిపించదు. ఎక్కువగా ముసలివాళ్ళు, కూలీలు.

అంటే మన ప్రాంతానికి ఉన్న అసలు డిజైన్ ప్రాబ్లం ఇది. వరద కోసం స్లాబ్ కావాలి. ఎండ కోసం స్లాబ్ వద్దు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే ఏడాదిలో, మూడు నెలల తేడాలో. ఆన్సర్ పాత ఇల్లో, కొత్త ఇల్లో ఒక్కటే ఎంచుకోవడం కాదు. కొత్త ఇంటికి పాత ఇంటి తెలివి తగిలించడం.

అది పెద్ద ఖర్చు కూడా కాదు. స్లాబ్ పైన తెల్లటి పూత. సున్నం కావచ్చు, కూల్ రూఫ్ పెయింట్ కావచ్చు. ఎండని తిప్పికొడుతుంది, ఇంటి లోపల రెండు నుంచి ఐదు డిగ్రీలు తగ్గించగలదు. కిటికీల మీద సజ్జ వెడల్పుగా వేయడం. అది పాత చూరు చేసిన పనే. పడమటి గోడ పక్కన చెట్టు. ఎదురెదురు కిటికీలు. ఇంటి బేస్‌మెంట్ ఆ వీధిలో వచ్చిన పెద్ద వరద గుర్తు కన్నా పైన. స్విచ్‌బోర్డులు నడుం ఎత్తున కాకుండా ఇంకా పైన. డాబా మీదకి లోపలి నుంచో బయటి నుంచో తప్పనిసరిగా మెట్లు. చాలా చిన్న ఇళ్ళకి ఖర్చు తగ్గుతుందని మెట్లు కట్టరు. వరదొచ్చినప్పుడు నిచ్చెన ఎక్కడ వెతుక్కుంటాం?

భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణం చూసే ఉంటారు. చైత్ర మాసం, మిట్ట మధ్యాహ్నం, వేల మంది జనం. అక్కడ ఏం వేస్తారు? చలువ పందిళ్ళు. పేరులోనే చలువ ఉంది. ఒక్క రోజు పండక్కి ఊరంతా నీడ వేయగలిగినవాళ్ళం, మిగతా అరవై రోజుల ఎండలో బస్టాండు దగ్గర, కూలీల అడ్డా దగ్గర, బడి ముందు వేయలేమా? అహ్మదాబాద్‌లో 2010 మే ఎండలకి మామూలు కన్నా 1300 మందికి పైగా ఎక్కువ చనిపోయారు. 2013లో వాళ్ళు హీట్ యాక్షన్ ప్లాన్ తెచ్చారు. ముందస్తు హెచ్చరికలు, చలివేంద్రాలు, ఆసుపత్రుల్లో ఏర్పాట్లు, తర్వాత బస్తీల్లో తెల్ల పైకప్పులు. చలివేంద్రం మనకి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

చెట్ల గురించి మాట్లాడితే ఖమ్మం జిల్లాలో ఒక పేరు చెప్పకుండా ఉండలేం. వనజీవి రామయ్య గారు. రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య. సైకిల్ మీద మొక్కలు, విత్తనాలు పెట్టుకుని జీవితమంతా నాటుతూ వెళ్ళారు. కోటికి పైగా మొక్కలు నాటారని చెప్తారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన ఏ యూనివర్సిటీలోనూ అర్బన్ డిజైన్ చదవలేదు.

మన బొగ్గు సంగతి

ఒక చేదు విషయం కూడా చెప్పాలి. 1870ల మొదట్లో విలియం కింగ్ అనే జియాలజిస్ట్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి అక్కడే పుట్టింది. పాల్వంచలో కేటీపీఎస్, మణుగూరు దగ్గర గోదావరికి చేరువలో 1080 మెగావాట్ల భద్రాద్రి ప్లాంట్. హైదరాబాద్‌లో ఏసీలు తిరగడంలో మన జిల్లా బొగ్గుకీ వాటా ఉంది. ఆ పొగ ప్రపంచం మొత్తం మీద పెరిగే వేడిలో ఒక చిన్న భాగం. కానీ బొగ్గు మీద బతికే కార్మికుడు, ఆ వేడిని భరించే కార్మికుడు, వరదలో మునిగే కార్మికుడు ఒక్కోసారి ఒకే మనిషి. నేరం ఎవరిదని ఒక్క వేలు చూపించడం ఇక్కడ కుదరదు.

ఇప్పుడే ఎందుకు?

ఎందుకంటే ఇళ్ళు ఇప్పుడు కడుతున్నారు. 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇళ్ళ పథకం మొదలుపెట్టింది ఎక్కడో తెలుసా? భద్రాచలంలోనే. ఇంటికి 5 లక్షలు, మొదటి విడతలో నియోజకవర్గానికి 3500 ఇళ్ళు. డబ్బు నాలుగు దశల్లో వస్తుంది. బేస్‌మెంట్ అయితే కొంత, గోడలు లేస్తే కొంత, స్లాబ్ పడితే కొంత, పూర్తయితే మిగతాది. ప్రతి దశలో ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి.

నా బుర్రలో ఉన్న సాఫ్ట్‌వేర్ వాడు ఇక్కడ ఆగిపోయాడు. ఫారం ఉంది, ఫోటో ఉంది, డబ్బు ఆపే, ఇచ్చే పద్ధతి ఉంది. దానికి రెండు గడులు చేర్చడం ఎంత పని? బేస్‌మెంట్ దశలో 'ఈ వీధి వరద గుర్తు కన్నా ఎత్తు ఉందా?' చివరి దశలో 'పైకప్పుకి తెల్ల పూత వేశారా, పైకి మెట్లు ఉన్నాయా?' పూత ఖర్చు కోసం ఇంకొంచెం సాయం కలిపితే సరి.

రాష్ట్రానికి 2023 నుంచి కూల్ రూఫ్ పాలసీ ఉంది, దేశంలో అలాంటిది మొదట తెచ్చింది తెలంగాణే. మంచి విషయం. కానీ సొంత ఇళ్ళ విషయంలో 600 గజాలు, ఆ పైన స్థలం ఉంటేనే అది తప్పనిసరి. ఖమ్మంలో 600 గజాల ప్లాట్ ఉన్నవాళ్ళు ఎంతమంది? వాళ్ళకి ఏసీ ఎలాగూ ఉంటుంది. తెల్ల కప్పు నిజంగా అవసరమైంది 60, 100 గజాల్లో ఉండే ఇంటికి. అక్కడ మాత్రం అది 'మీ ఇష్టం' అయింది.

ఒక ఇల్లు కడితే యాభై ఏళ్ళు ఉంటుంది. అంటే ఈ ఏడాది బేస్‌మెంట్ వేసే ఇంట్లో 2075లో ఎవరో ఉంటారు. వాళ్ళు చూడబోయే గోదావరి, వాళ్ళు చూడబోయే మే నెల, మనం చూసినవి కావు. ఇప్పుడు రెండు అడుగులు ఎత్తు పెంచడానికి అయ్యే ఖర్చు, తర్వాత ఇల్లంతా పోగొట్టుకోవడంతో పోల్చి చూడండి.

చివరిగా మీకో చిన్న పని. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో 1986నో, 2022నో, 2024నో చూసిన పెద్దవాళ్ళు ఉంటారు. అమ్మమ్మనో, తాతయ్యనో, పక్కింటి బాబాయినో అడగండి. నీళ్ళు ఎంతవరకు వచ్చాయి అని. ఆ చోట గోడ మీద పెయింట్‌తో ఒక గీత గీయండి, పక్కన తేదీ రాయండి. ఫోటో తీసి మీ ఫోన్‌లో దాచుకోండి. రేపు ఆ వీధిలో ఎవరైనా ఇల్లు కట్టడానికి ముగ్గు పోస్తే, మేస్త్రీకి ఆ గీత చూపించండి. పాతవాళ్ళు ఊరికి మెట్టు అని పేరు పెట్టి చెప్పారు. మనకి పేరు పెట్టే ఛాన్స్ లేదు, గీత గీసే ఛాన్స్ ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో ఊరు, ఇంకో కథతో కలుద్దాం.